మాళ మీద రెండు ప్రాసెసర్లు

కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి తలంబ్రాలు డెబ్బై శాతం దగ్గర ఆగిపోయాయి. పెళ్లికొడుకు దోసిలి గాల్లోనే ఉంది, పెళ్లికూతురు సగం నవ్వింది, బియ్యం ఇద్దరి మధ్యా ఎటూ పడకుండా నిలబడింది. పిండి అంటిన చేతులతోనే నిచ్చెనెక్కి నేను చూస్తూ ఉండగానే తెర నల్లబడింది. కంప్యూటర్ మళ్లీ దానంతట అదే ఆగిపోయింది. ఆఫీసులో ఉన్న శైలేష్‌కు ఫోన్ చేశాను. "నాకైతే మంచిగనే నడుస్తది గద. నీకే ఎందుకు ఆగుతది? నువ్వేదో తప్పు నొక్కుతున్నవు" అన్నాడు మా ఆయన. ఏ మీట నొక్కితే తలంబ్రాలు ఆగిపోతాయో తెలిస్తే బాగుండునని నాకూ ఉంది. పెళ్లయినప్పటి నుంచి వెతుకుతున్నాను.

పెళ్లి వీడియోలు కట్ చేయడం నా పని. దాదర్‌లో ఒక స్టూడియో ఆయన మన తెలుగువాళ్ల పెళ్లిళ్లు, తొట్టెల ఫంక్షన్లు, బోనాలు తీసి హార్డ్ డిస్కులో పంపిస్తాడు. గంటల కొద్దీ ఉన్నదాన్ని నేను చూడదగ్గట్టు చేస్తాను. ఏడుపు ఎక్కడ ఉంచాలో, వరపూజలో మేనమామ అలక ఎక్కడ తీసేయాలో నాకు బాగా తెలుసు. కానీ డిస్కు తెచ్చేదీ ఇచ్చేదీ శైలేష్ కాబట్టి మా గల్లీలో ఎడిటర్ అంటే అతనే. "మీ ఆయన చేతిల మస్తు కళ ఉన్నది కోమల్" అని పక్కింటి సీమా నాతోనే అంటుంది. శైలేష్ పక్కన ఉంటే నవ్వి ఊరుకుంటాడు. ఈమధ్య స్టూడియో ఆయన ఒక మాట పంపాడు: ఇంకొక్క డిస్కు ఆలస్యమైతే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ పని నాకు ఇష్టం. ఈ ఇంట్లో నేను చేసే పనుల్లో మళ్లీ మాసిపోనిది, మళ్లీ ఆకలి వేయనిది అదొక్కటే.

ఇల్లంటే ఒకటే గది. కామాటిపురలో వరుసగా గదులున్న పాత చాల్ పై అంతస్తు, దాని మీద రేకుల కప్పు. మా మామ లస్మయ్య వాళ్ల తాత ఈ ఊళ్లో రాళ్లు మోయడానికి వచ్చినప్పటి గది. గదిలో సగం మేర తల మీద చెక్కలు పరిచి అటక కట్టారు. మాళ అంటాం. నా టేబుల్, కంప్యూటర్ అక్కడే. నిలబడితే రేకు తలకు తగులుతుంది కాబట్టి కూర్చునే ఉండాలి. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్ కంప్యూటర్ క్యాబినెట్ వైపు తిప్పి ఉంటుంది. కింద ఫాక్‌లాండ్ రోడ్ వైపు పెద్ద కిటికీ ఉంది, దాని పక్కన మామ మంచం. కొత్తలో ఒకసారి, కిటికీ దగ్గర టేబుల్ వేసుకుంటానని అడిగాను. "మామకు ఉక్కపోస్తే ఆగడు" అంది అత్త మల్లవ్వ. "పైన నీకు సపరేట్ ఆఫీస్ లెక్క ఉన్నది గద, ఇంకేం గావాలె" అన్నాడు శైలేష్. అత్త గోడకు తగిలించిన విసనకర్ర తీసి నా చేతిలో పెట్టింది. "రెండు దినాలైతే అలవాటైతది" అంది. అలవాటైంది కూడా. కుడిచేత్తో మౌస్, ఎడమచేత్తో విసనకర్ర. అది నా పని సామాన్లలో ఒకటని చాలా రోజులు నేనే నమ్మాను.

కంప్యూటర్ ముసలిదైపోయిందని, మార్చాలని తేల్చాం. నా సంపాదనలోంచే. ల్యామింగ్టన్ రోడ్డులో పాత కంప్యూటర్ల షాపున్న అతుల్ శైలేష్ దోస్తు. అతని దగ్గర ఎక్కడో మూతపడ్డ ఆఫీసు నుంచి రెండు మంచి మెషీన్లు వచ్చాయి. రెండూ కొన్నేళ్ల కిందటివే, కానీ వాటి కాలంలో దొరల మాదిరి బతికినవి. ఒకదాని ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లు, రెండోదాంట్లో పదహారు. "ఏది మంచిది అతుల్ భయ్యా?" అని నేను అడిగితే, "భాయ్, వైనీకి జెర సమఝాయించు. ఎనిమిదిది స్పీడ్ ఎక్కువ, గేమింగ్‌కు ఒకటో నంబర్. పదహారుది హెవీ కామ్‌కు" అని శైలేష్‌తో చెప్పాడు. వైనీ అంటే వదిన, అంటే నేనే. వాళ్లిద్దరి మధ్యే నిలబడి ఉన్నాను. ఇంటికి వచ్చాక శైలేష్ "నీకెందుకు ఈ టెన్షన్, నేను చూస్త గద" అన్నాడు. అతను చూసేదేమిటో నాకు తెలుసు. రాత్రి భోజనమయ్యాక మాళెక్కి దోస్తులతో ఆన్‌లైన్‌లో ఆడే తుపాకుల ఆట.

నేనూ చూశాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ, ఫోన్ డబ్బాకు ఆనించి, ఆ రెండింటినీ పోల్చే వీడియోలన్నీ చూశాను. కుర్రవాళ్లు ఎర్రగీతలూ పచ్చగీతలూ చూపించి అరుస్తూ ఉంటారు. మొదట ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఒక్కో కోర్‌ను ఒక్కో మనిషి అనుకుని పెళ్లి పందిట్లో పెట్టి చూస్తే అంతా తేటపడింది. తాళి కట్టడానికి ఒక్కడు చాలు, పదహారు మంది ఉన్నా మిగతావాళ్లు చూస్తూ నిలబడాల్సిందే. ఆ ఒక్కడి చెయ్యి ఎంత చురుగ్గా ఉంటే అంత మంచిది. ఆటలు చాలావరకు అలాంటివట. వడ్డన అలా కాదు. పదహారు మంది అయితే పంక్తి చిటికెలో లేస్తుంది. నా వీడియోలు తయారై బయటికి రావడం వడ్డన. అయితే తెర మీద కట్ చేస్తున్నప్పుడు మాత్రం చురుకైన ఒక్క చెయ్యే మేలు. అంటే నా పనిలో తాళీ ఉంది, వడ్డనా ఉంది. ఇది కనిపెట్టినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందంటే, బియ్యం రాళ్లతో సహా ఎసట్లో పోసేశాను. ఆ రాత్రి మామ పంటి కింద రాయి పడింది. "సోయి ఎక్కడ పెట్టినవమ్మా?" అన్నాడు. ఎక్కడ పెట్టానో చెబితే నమ్మడు.

"రెండూ ఇంటికి తెప్పించు. ఒకటే పెళ్లి రెండిట్ల నడిపిద్దాం" అన్నాను శైలేష్‌తో. "ల్యాబ్ పెట్టినవా?" అని నవ్వాడు గానీ, ఆట ఆడి చూడొచ్చని అతనికీ ఆశ పుట్టింది. మే నెల ఆదివారం మధ్యాహ్నం అతుల్, శైలేష్ కలిసి రెండు క్యాబినెట్లూ నిచ్చెన మీదుగా మాళకెక్కించారు. మొదట ఎనిమిదిది. శైలేష్ ఆట పెట్టాడు. "అరే, మక్ఖన్ లెక్క పోతున్నది" అన్నాడు. కాసేపటికి వెన్న గట్టిపడింది. బొమ్మ తడబడింది, నిలబడింది, ఆటలో అతను చచ్చిపోయాడు. అతుల్ దాన్ని తీసి పదహారుది పెట్టాడు. నేను తలంబ్రాలు పెట్టాను. మొదట్లో గింజలు నిజంగానే జలజల రాలాయి. తర్వాత అదీ నీరసపడింది. చివరకు నా పాత కంప్యూటర్ ఎంత మెల్లగా నడిచేదో అదీ అంతే మెల్లగా నడిచింది. మా మాళ మీద ఎనిమిదీ పదహారూ ఒకటే. ఏ వీడియోలోనూ ఏ కుర్రవాడూ ఈ సంగతి చెప్పలేదు.

అతుల్ తెర మూలన ఏవో అంకెలు తెరిచాడు. చిప్ వేడి వంద డిగ్రీలకు దగ్గర్లో ఉంది. అప్పుడతను తలెత్తి రేకును ముట్టి చెయ్యి చటుక్కున తీశాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. నిచ్చెన దిగి కిటికీ దగ్గర నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఖరాబైనయా?" అన్నాడు శైలేష్.

"ఖరాబ్ గాదు భాయ్. వేడెక్కితే చిప్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటది, పాణం కాపాడుకోను. మరీ ఎక్కువైతే బంద్ అయితది. అట్లనే తయారు చేసిన్రు."

"మరి నాకు ఎన్నడూ బంద్ కాలే?"

"నువ్వు రాత్రి ఆడుతవు. అప్పటికి పైన రేకు పత్రా సల్లగయితది. పగటీలి ఈడ ఎవలన్న మెషీన్ పెడతరా? ఎవరు కూసుంటరు ఈడ?"

అత్త గిన్నెలు తోమడం ఆపింది.

నేను తప్పు మీట ఏదీ నొక్కలేదు. అప్పుడు నాకు కోపం రావాలి, కానీ మొదట వచ్చింది ఆశ్చర్యమే. వేడి తాకితే మెల్లగవ్వాలని ఆ చిప్‌కు ఎవరో నేర్పి పంపారు. అది మెల్లగైతే ఎవరూ బద్ధకం అనలేదు, తప్పు నొక్కావనలేదు. ఇద్దరు మనుషులు దాని డిగ్రీలు చూసి అయ్యో అన్నారు. నేను అదే రేకు కింద, అదే మధ్యాహ్నం, ఆరేళ్లుగా తల నొప్పితో కూర్చుని, సాయంత్రం దిగి చాయ్ ఆలస్యమైందని మాట పడ్డాను. ఆ నొప్పి నా ఒంటి గుణం అనుకున్నాను. మా అమ్మకూ ఉంది కదా అనుకున్నాను. ఇప్పుడు కోపం వచ్చింది.

"ఏం లేదు, కిందికి దించుదాం" అన్నాడు శైలేష్. "కిటికీ కాడ పెడదాం. బాపూ, మంచం జెర ఇటు జరుపుదాం."

మామ లేచి నిలబడ్డాడు. మంచం గోడవైపు జరిగింది. టేబుల్ కిందికి వచ్చింది. నేను అడిగినప్పుడు గదిలో లేని జాగా, మెషీన్‌కు ఉక్కపోసిందనేసరికి అంతా చాయ్ తాగినంత సేపట్లో తయారైంది. మామకూ గాలి బాగానే తగులుతోంది. కాళ్లు కిటికీ వైపు పెట్టుకుని మళ్లీ పడుకున్నాడు.

పదహారుది కిటికీ పక్కన పెట్టి నేను మళ్లీ తలంబ్రాలు నడిపించాను. ఆగలేదు. అది నడుస్తుండగానే ఇంకో పక్క అప్పగింతలు కట్ చేస్తూ కూర్చున్నాను. కొంగు ఎగురుతోంది. కింద వీధిలో ఎవడో మామిడిపండ్లంటూ అరుస్తున్నాడు. మాళ మీద రెండు మధ్యాహ్నాలు పట్టే అప్పగింతలు అయిపోయి తల ఎత్తితే, అత్త ఇంకా చాయ్ పెట్టనే లేదు. ఈ వేగం ప్రాసెసర్‌దా, నాదా అని ఆలోచించాను. కట్ చేయడానికి ఎనిమిదిదే చురుకని అందరూ అంటారే, మరి ఇంత వేగం ఎక్కడిది? నేను ఒకసారి కూడా ఎడమచెయ్యి వాడలేదని అప్పుడు గమనించాను. ఆ చెయ్యి ఖాళీగా ఒళ్లో పడి ఉంది.

శైలేష్ నా వెనక నిలబడి అతుల్‌తో లెక్క తేలుస్తున్నాడు. "ఎనిమిదిది ఫైనల్ చేద్దాం. కిటికీ కాడ ఉంటే గేమ్ మస్తు నడుస్తది. పాతది పైన్నే ఉండనీ, కోమల్‌కు. తెల్లారగట్ల లేచి చేసుకుంటది, అప్పుడు సల్లగనే ఉంటది. ఆమెకు అలవాటే గద."

తిట్టినట్టు కూడా అనలేదు. ప్రేమగానే అన్నాడు.

"నేను ఆ మాళ మీద ఇద్దరు పిల్లలకు పాలిచ్చిన" అంది అత్త. గిన్నెల దగ్గర నుంచి, మా ఎవరి వైపూ చూడకుండా. "పిల్లలకు ఒళ్లంత చెమటకాయలు. పెద్ద పిల్ల సొమ్మసిల్లితే దిష్టి తీసిన. ఎవలన్న డిగ్రీలు చూసిన్రా?"

ఆ పెద్ద పిల్ల శైలేష్ అక్క. మామ కళ్లు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అతుల్ సెల్‌ఫోన్ బయటికి తీసి, "అయితే ఏది ఉంచాలె భాయ్?" అన్నాడు శైలేష్‌నే చూస్తూ.

"పదహారుది" అన్నాను నేను. "కిటికీ కాడనే ఉంటది. దాని ముంగట నేను కూసుంట. ఎనిమిదిది తీస్కపో."

అతుల్ మొదటిసారి నా వైపు చూశాడు. "సరే వైనీ."

"మరి నా గేమ్?" అన్నాడు శైలేష్.

"పాతది పైన్నే ఉన్నది. ఆడుకో."

"ఇప్పుడా? రేకు కాలుతున్నది."

నేను జవాబు చెప్పేలోపే అత్త లేచింది. చేతులు చీరకు తుడుచుకుని నిచ్చెనెక్కింది. మాళ మీద నా టేబుల్ ఉన్న చోట చెక్కల మీద పడి ఉన్న విసనకర్ర తీసుకుని, మెల్లగా దిగి వచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"రెండు దినాలైతే అలవాటైతది" అంది.