చల్లారిన ఉలవచారు

యాభై ఎనిమిది డిసెంబరులో మా ఆవిడ ఝాన్సీలక్ష్మి, వాళ్ళ అక్కకి ఒంట్లో బాగాలేదని పెడన వెళ్తూ, రాత్రి భోజనాలకి నన్ను విల్సన్ ఇంట్లో అప్పగించి వెళ్ళింది. విల్సనూ నేనూ బందరు మునిసిపల్ ఆఫీసులో పక్కపక్క కుర్చీల గుమాస్తాలం. ఇంగ్లీషుపాలెంలో ఎదురెదురు ఇళ్ళవాళ్ళం.

"ఏం మొహమాటపడకండి అన్నయ్యగారూ" అంది విల్సన్ భార్య సువార్తమ్మ.

నా మొహమాటం మొహం దాకానే. పొట్ట దాకా ఎప్పుడూ దిగలేదు.

ఆ ఏడు చలి బందరుని బందీ చేసి కూర్చోబెట్టింది. సముద్రం మీది గాలికి ఊరంతా చలించిపోయింది. అలాంటి సాయంత్రం వీధి దాటి విల్సన్ గుమ్మం ఎక్కేసరికి ఉలవచారు కాగుతున్న వాసన. వంకాయా ఎండురొయ్యా కలిసి మగ్గుతున్న వాసన. అన్నం వార్చిన గిన్నె మీంచి ఆవిరి. నేను ప్రార్థన కూటాలకి పెద్దగా వెళ్ళేవాణ్ణి కాదు గాని, ఆ కూటికి మాత్రం ఒక్క పూట తప్పలేదు.

తీరా వెళ్ళాక తెలిసింది, అక్కడ కూడు తినాలన్నా ముందు కూటం ఉందని.

విల్సన్ తండ్రి ఏలీయాగారు నాగాయలంక మిషన్ బడిలో నలభై ఏళ్ళు పంతులు. ఆయన భార్య రాజమ్మగారు మొన్న వానాకాలంలో పోయారు. కొడుకు వెళ్ళి తండ్రిని బందరు తీసుకొచ్చాడు. భోజనానికి ముందు స్తోత్రం చెప్పడం ఆయన వంతు. అదీ వడ్డన పూర్తయ్యాకే చెప్పాలి. "కళ్ళెదుట ఉన్నదానికి కృతజ్ఞత చెప్పాలమ్మా, కుండలో ఉన్నదానికి కాదు" అనేవారు. ఒకసారి సువార్తమ్మ తెలివిగా ప్రార్థన అయ్యాక వడ్డిస్తానంటే, ఆయన ఖాళీ కంచం వంక అలా చూస్తూ కూర్చున్నారు. పాపం, ఆ తెలివి ఆ పూటతో సరి.

పీటల మీద కూర్చుంటాం. వేడన్నంలో ఉలవచారు, దాని మీద మీగడ. పంతులుగారు కళ్ళు మూస్తారు. సృష్టితో మొదలుపెడతారు. నాగాయలంక పడవలూ, వలలూ, వాటిలో పడాల్సిన చేపలూ అవుతాయి. దివిసీమ కరకట్టలు అవుతాయి. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలందరూ పేరుపేరునా హాజరు పలుకుతారు. ఇరవై అయిదు నిమిషాలు! మేం మూతులు బిగించి కూర్చుంటాం. నేను కళ్ళు మూసుకునేవాణ్ణి గాని ముక్కు ఎలా మూసుకోను? ఆ ముక్కుతోనే ఉలవచారు ఆవిరి మెల్లగా ఆవిరైపోవడం పసిగట్టేవాణ్ణి. ఆమెన్ అనేసరికి మీగడ అట్ట కట్టేది, అన్నం బిరుసెక్కేది. కొరమీను పులుసయితే ఫరవాలేదు, మర్నాటికి మరీ బాగుంటుంది. ఒక్కోసారి ప్రార్థన మర్నాటి దాకా సాగుతుందేమోననీ అనిపించేది.

నాకయితే అది నవ్వులాట. సువార్తమ్మకి కాదు.

పంతులుగారు రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసేవారు. వచ్చినప్పుడు ఒంటికి సరిపోయిన కోటు డిసెంబరుకల్లా కొక్కేనికి తగిలించినట్టు వేలాడింది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, "జబ్బేం లేదు. తిండి లేదు. ఈ చలిలో ఈయన వేడివేడిగా కడుపునిండా తినకపోతే మాత్రం జబ్బు దానంతటదే వస్తుంది" అన్నాడు. సువార్తమ్మ మిరియాల చారు కాచింది. నాటుకోడి వండింది. కందిపచ్చడిలోకి నెయ్యి కాచి పోసింది. నేనన్నీ లాగించాను. ఆయన రెండు ముద్దలు దాటలేదు.

"పంతులుగారూ, నెయ్యితో నెయ్యం చెయ్యండి" అని నేనో మాట విసిరితే, ఆయన మర్యాదకి నవ్వారు. తినలేదు.

ఓ శనివారం సాయంత్రం నేను వెళ్ళేసరికి వసారాలో పంతులుగారి ట్రంకుపెట్టె తాడు కట్టి ఉంది.

"రేపు పొద్దున రైలుకి నాన్నని గుడివాడ పంపేస్తున్నామండీ" అన్నాడు విల్సన్, నా మొహం చూడకుండా. "అక్క ఆనందమ్మ దగ్గరికి."

సువార్తమ్మ వంటింటి గడప మీద నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. ఎప్పుడో తుడుచుకోవడం అయిపోయింది, ఇంకా తుడుస్తోంది.

"ఆయనకి నా చేతివంట పడటం లేదన్నయ్యగారూ. అత్తయ్య వంట మరిగిన నోరు. నోరు తెరిచి బాగాలేదని ఒక్క మాటయినా అంటే మార్చుకుందును గదా. నా ఇంట్లో ఆయన ఇలా చిక్కిపోతుంటే చూడలేను. వదిన చేతి అన్నమైనా తింటే అంతే చాలు."

ఆమె వంట గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. చెప్పాను కూడా. కానీ నా నడుం చుట్టుకొలతని సాక్ష్యంగా ఎవరూ తీసుకోలేదు.

ఆఖరి పూట కాబట్టి మళ్ళీ ఉలవచారే పెట్టింది. పొద్దుట్నుంచీ పొయ్యి మీద ఉంచి, చిక్కగా, నల్లగా కాచింది. వడ్డన అయింది. పంతులుగారు కళ్ళు మూశారు. సృష్టి అయింది. పడవలు బయల్దేరాయి. అయిదు నిమిషాలకి ప్రార్థన కృష్ణ దాటి ఇవతలికి వచ్చింది.

"పామిడిముక్కల రైతుల కుప్పలు మంచుకి నానకుండా కాపాడి, వారి..."

అప్పుడు పెరటి గుమ్మంలోంచి జైతూన్ బీ వచ్చింది. వెనకింటావిడ. చలికాలం వాళ్ళింట్లో మేకకాళ్ళ పాయా కాస్తే సువార్తమ్మకి ఓ గిన్నెడు ఇవ్వడం అలవాటు. వంటింట్లోంచి మేమున్న వసారా కనపడదు. పంతులుగారి మెల్లని గొంతు అక్కడిదాకా వినపడక ఆవిడ తిన్నగా లోపలికొచ్చి, తన గిన్నెలోంచి సువార్తమ్మ గిన్నెలోకి గరిటెతో పాయా వంచి, గరిటెకి అంటుకున్నది విదిలించడానికి అంచు మీద రెండుసార్లు కొట్టింది.

టంగ్. టంగ్.

"ఆమెన్" అన్నారు పంతులుగారు.

మేం ముగ్గురం కళ్ళు తెరిచాం. ఆయన తెరవలేదు. కంచం మీద చెయ్యి పెట్టి, అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇవాళ చారు బాగా కాగింది రాజమ్మా" అన్నారు.

ఆయన కళ్ళు తెరిచి చూస్తే ఎదురుగా కోడలు.

"గరిటె ఎవరమ్మా కొట్టింది?"

"నేనే పంతులుగారూ" అంది జైతూన్ బీ వంటింట్లోంచి తల బయటపెట్టి. "పాయా తెచ్చా. ప్రార్థనలో ఉన్నారా? అయ్యో, తప్పయిపోయింది!"

"తప్పు కాదమ్మా" అన్నారాయన. అన్నం మీదికి వంగారు. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"నాకు మొదలుపెట్టడం వచ్చునమ్మాయీ. ఆపడం రాదు. బళ్ళో అయితే గంట కొట్టేవారు. ఇంట్లో మీ అత్త కొట్టేది. వడ్డించి, గరిటె పట్టుకుని పక్కనే నిలబడేది. అన్నం చల్లారుతోందనిపిస్తే గిన్నె అంచు మీద రెండు దెబ్బలు. నేను ఆమెన్ అనేవాణ్ణి. ఇక్కడ చూస్తే ఎవరూ కొట్టరు. మీరేమో అంత భక్తిగా కూర్చుంటిరి. ఎక్కడ ఆపాలో తెలియక గుర్తొచ్చిన వాళ్ళందరి కోసమూ ప్రార్థించుకుంటూ పోయాను. అయ్యేసరికి అన్నం చల్లబడి గొంతు దిగేది కాదు."

విల్సన్ నెత్తి కొట్టుకున్నాడు. "ఆ చప్పుడు చిన్నప్పుడు విన్నాను నాన్నా! అమ్మ గరిటె విదిలిస్తోందనుకున్నాను. ఏడో ఏటే బోర్డింగులో పడేస్తిరి, నాకేం తెలుసు?"

"మరి ఒక్కమాట చెప్పకూడదా మావయ్యగారూ?" అంది సువార్తమ్మ. గొంతులో కోపమూ ఏడుపూ కలిసి ఉడుకుతున్నాయి. "నా వంట బాగాలేదేమోనని మూడు నెలలుగా చచ్చిపోతున్నాను."

"ప్రార్థన మధ్యలో ఆపమని కోడల్ని ఎలా అడగనమ్మా? వినడానికి బాగుంటుందా? బాగాలేనిది వంట కాదు తల్లీ, చల్లారిన వంట. ఇంకాస్త చారు పొయ్యి."

ఆ పూట ఆయన మూడుసార్లు పోయించుకున్నారు. జైతూన్ బీని కూర్చోబెట్టి, ఆవిడ తెచ్చిన పాయా కూడా తాగారు. నా వంతు తగ్గింది. జీవితంలో మొదటిసారి తగ్గినందుకు బాధపడలేదు, అంటే కొంచెమే పడ్డాను.

పొద్దున రైలు గుడివాడ వెళ్ళింది. ట్రంకుపెట్టె వెళ్ళలేదు. దాని తాడు విప్పి సువార్తమ్మ పెరట్లో బట్టలు ఆరేసింది.

ఆదివారం సాయంత్రం ఎవరూ పిలవకుండానే నేను పీట మీద ఉన్నాను. వేడన్నం, కోడి పులుసు. పంతులుగారు కళ్ళు మూశారు. సువార్తమ్మ గరిటె పట్టుకుని పక్కన నిలబడింది. మామగారి ప్రార్థనకి అడ్డం కొట్టడం ఆమెకి ఎలా చేతనవుతుంది? సృష్టి అయింది. పడవలయ్యాయి. నేను ఒక కన్ను తెరిచి సైగ చేశాను. ఆమె గిన్నె అంచు మీద మెల్లగా ఒకటి తట్టింది.

పంతులుగారు ఆగారు. ఆయనా ఒక కన్ను తెరిచారు.

"మీ అత్త రెండు కొట్టేదమ్మాయీ."

టంగ్.

"ఆమెన్" అన్నాం, నలుగురమూ ఒక్కసారే.