పెన్సిలు గీత కింద అత్తగారు

మధ్యాహ్నం అంట్లు తోమడం అయిపోగానే గుండీలమ్మ కిటికీ పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చునేది. టైలరు పంపిన చొక్కాలకి కాజాలు తీసి, గుండీలు కుట్టేది. మంచం మీంచి అత్తగారు ఏదో ఒకటి అంటూనే ఉండేది.

"ఏమేవ్, పాలు పొంగుతున్నాయి!"

"పొయ్యి కట్టేశానత్తయ్యా."

"కట్టేస్తే చెప్పొచ్చుగా! ఇక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను."

ఆవిడకి మోకాళ్లు పట్టేసి ఏళ్లయింది. కాళ్లు చెయ్యాల్సిన పని కూడా నోరే చేసేది. కుట్టుపని పక్కన పెట్టి గుండీలమ్మ కథ కాగితాలు తీసేసరికి మాత్రం ఆ నోరు ఆగేది. కునుకు పట్టింది కాబోలు అనుకునేది కోడలు.

గుండీలమ్మ రాతలో కొట్టివేత ఉండదు. కాజా దగ్గర ఒకసారి కత్తెర పడిందంటే బట్ట మళ్లీ అతుక్కోదు. అందుకని కొలిచి, ఆలోచించి, అప్పుడు కోస్తారు. ఆవిడ మాట కూడా అలాగే పెట్టేది. రాసింది తన ఇంటి కథే. మొగుడు, తను, అత్తగారు. అది పుస్తకమై, అట్ట మీద తన పేరు చూసుకోవాలని ఒక్కటే కోరిక. బయటికి చెప్పుకోవడానికి కూడా సిగ్గే.

అచ్చాఫీసు మూడో అంతస్తులో ఉంది. సంపాదకుడు మంచివాడే, అంతా చదివాడు.

"బాగుందమ్మా, వేద్దాం. కాకపోతే కొత్తగా రాసేవాళ్లందరికీ చెప్పేదే మీకూ చెబుతున్నా. ఇల్లు ఇరుగ్గా ఉంటే చదివేవాడు లోపలికి రాడు. ఈ ముసలావిడెందుకు? అరవడం తప్ప చేసేదేం లేదు. తీసెయ్యండి, కథ పరిగెడుతుంది."

పెన్సిలు ఆవిడ ముందుకి జరిపాడు. ఎదురుచెప్పడం గుండీలమ్మ వల్ల అయ్యే పని కాదు. అత్తగారు కనిపించిన ప్రతి వాక్యం మీదా గీత గీసింది.

ఇంటికొచ్చేసరికి మంచం ఖాళీ. తలగడలో తల ఆనిన గుంట కూడా లేదు.

"అత్తయ్య ఏరండీ?"

బస్సు డ్యూటీ దిగొచ్చిన మొగుడు చొక్కా విప్పుతూ, "గీత గీసేశావుగా," అన్నాడు, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత తేలిగ్గా.

"నేనా!"

"మరి నేనా? చెప్పి గియ్యాల్సింది. పొద్దునే అమ్మకి మాత్రలు కొనుక్కొచ్చాను."

గుండీలమ్మ వంగి మంచం కింద చూసింది. పక్కింటావిడ గోడ మీంచి తల పెట్టింది. "మీ అత్తగారిని తీసేశావటగా! మా ఆయన్ని కూడా కాస్త కథలోకి ఎక్కించి గీసెయ్యవూ, నీ పుణ్యముంటుంది!" నవ్వేసి, బట్టలు ఆరేసుకోవడానికి వెళ్లిపోయింది.

ఒక్కరికీ వింతగా లేదు. తనొక్కతే పిచ్చిదానిలా నోరు తెరుచుకుని నిలబడింది.

గీతల్ని రబ్బరుతో తుడిచింది. కాగితం చిరిగింది తప్ప మంచం మీదికి ఎవరూ రాలేదు. మళ్లీ రాద్దామని కూర్చుంది. అత్తగారంటే తిట్లేగా, అవే రాసింది.

"ఏమేవ్, పాలు పొంగుతున్నాయి!"

ఖాళీ మంచం మీంచి గొంతు లేచింది. మనిషి లేదు. గుండీలమ్మ కెవ్వుమంది.

మొగుడు తొంగి చూశాడు. "గొంతొక్కటే రాశావా? మిగతాది కూడా కానివ్వు. ఇలా అయితే మాత్ర ఎక్కడ వేస్తాం?"

మిగతాదంటే ఏమిటి? ఇన్నేళ్లు ఒకే గదిలో ఉండి, ఆ మనిషిలో తను చూసిందేమిటి? పెన్ను పట్టుకుని కూర్చుంటే అప్పుడు తట్టింది. తను రాసుకునేటప్పుడు ఎవరైనా తలుపు కొడితే అత్తగారు వెంటనే కేకేసేది. "కోడలు పడుకుంది, తర్వాత రండి!" కునుకులో ఉన్న మనిషి అంత వెంటనే ఎలా పలుకుతుంది? గాలికి కాగితాలు ఎగిరితే తన మందుసీసా చాపి, "ఇది పెట్టుకో," అనేది. ఏం రాస్తున్నావని ఏనాడూ అడగలేదు.

తలుపు సంగతి రాసింది. దుప్పటి మీద రెండు చేతులు కనిపించాయి. సీసా సంగతి రాసింది. భుజాలు వచ్చాయి. ఇక కొలవలేదు, ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ గబగబా రాసేసింది.

"ఎంతసేపే! తల లేకుండా కూర్చోబెట్టావు!" అంది అత్తగారు, తల రాగానే.

మర్నాడు ఇద్దరూ కలిసి అచ్చాఫీసుకెళ్లారు. సంపాదకుడు కాగితాలు తిప్పి పెదవి విరిచాడు. "మళ్లీ పెట్టారే ఈవిడని! ఇలాగైతే వెయ్యలేమమ్మా." పెన్సిలు మళ్లీ ముందుకొచ్చింది.

"గియ్యనండీ."

అంత గట్టిగా పలికింది తనేనా అని గుండీలమ్మ ఉలిక్కిపడింది. కాగితాలు తీసుకుని బయటికొచ్చేసింది. పుస్తకం పోయింది. మెట్లు మసగ్గా కనిపిస్తున్నాయి. ముందు దిగుతున్న అత్తగారు టక్కున ఆగింది.

"ఏమే, మూడంతస్తులు ఎక్కానా నేను?"

గుండీలమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుంది. కాగితాలు తిరగేసింది. అన్నీ ఉన్నాయి, తిట్లతో సహా. మోకాళ్ల నొప్పి ఎక్కడా లేదు.

"మర్చిపోయానత్తయ్యా! ఇంటికెళ్లగానే రాసేస్తాను."

"రాశావంటే చంపుతాను!"

అత్తగారు తన కాళ్ల వంక, ఎవరివో అన్నట్టు చాలాసేపు చూసుకుంది. ఒక కాలు ఎత్తింది, దింపింది. తర్వాత వీధి కేసి చూసింది.

"ఊళ్లో ఇంకెన్ని అచ్చాఫీసులున్నాయే?"

"చాలానే ఉంటాయత్తయ్యా. అన్నీ మేడల మీదే."

"అయితే ఆ కాగితాలు ఇలా ఇయ్యి, నేను పట్టుకుంటాను. నడు."