ముద్ర మీద బొట్టు

దసరా నాడు పుష్పలీల షెడ్డులోని పనిముట్లన్నిటికీ పసుపు బొట్లు పెట్టింది. స్పానర్లకు, సుత్తికి, డ్రిల్లుకు, చివరికి బల్ల మీద ఆరుతున్న తుపాకీ చెక్కకు కూడా.

ఇంగ్లండులోని కోవెంట్రీలో పాత తుపాకులు కొని, బాగుచేసి, షూటింగ్ క్లబ్బుల వాళ్లకు అమ్మడం ఆమె భర్త పాండురంగం వ్యాపారం. ఆ చెక్క 1878 నాటి ఫ్రెంచి సైన్యపు రైఫిలుది. ఎవరో అడ్డదిడ్డంగా పూసిన వార్నిష్‌ను వారం రోజులు కూర్చుని తీసి, నూనె పట్టించడానికి సిద్ధం చేశాడు. పూత లేని చెక్క పసుపును నీళ్లలా తాగేసింది. అదీ సరిగ్గా ఫ్రెంచి ఆయుధశాల వేసిన గుండ్రటి ముద్ర మీద.

"పెట్టి పెట్టి దాని మీదనే ఎందుకు పెట్టినవ్?"

"గుండ్రంగ జాగ ఉంది గదా. బొట్టుకే అనుకున్న," అంది పుష్పలీల. "తుడుస్తే పోతది తియ్."

సబ్బునీళ్లతో తుడిచాడు. పారాణిలా ఎర్రబడింది. నిమ్మరసం వేశాడు. మళ్లీ పసుపైంది. గరుకు కాగితం పెట్టి రుద్దితే మరకతో పాటు ముద్రా పోతుంది. ఆ రైఫిలు విలువంతా ముద్రలోనే; అది పోతే ఉత్త పాత తుపాకీ.

ఇక ఎండ ఒక్కటే మందు. అక్టోబరు నెలలో కోవెంట్రీలో ఎండ కోసం చూడడం, కౌన్సిల్ వాళ్ల జవాబు కోసం చూడడం ఒకటే. నాలుగు రోజులు చెక్కను కిటికీలో పెడితే మరక అంచులు కాస్త పలచబడ్డాయి, అంతే.

శనివారం, కోవెంట్రీని మించి వానలు పడే కార్డిఫ్ నుంచి రాజారావు వస్తున్నాడు. రిటైరైన డాక్టరు, తుపాకీ సర్టిఫికెట్ ఉన్న మనిషి. రైఫిలును గోడకు తగిలించుకోవడానికి కాదు, కాల్చడానికే కొంటానన్నాడు. ఆయనకు నచ్చితే ఆయన క్లబ్బులోని మరో నలుగురు తమ తుపాకులు బాగుకు పంపుతారు. అంటే చలికాలమంతా పని.

శుక్రవారం పాండురంగం ముదురు రంగు డబ్బా మూత తీశాడు. రెండు పూతలు వేస్తే మరక కనబడదు. బ్రష్షు ముంచి, ఆగి, లెక్క వేసుకున్నాడు. తుపాకీ పేలేటప్పుడు, తూటాను వెనక నుంచి బిగించి పట్టే బోల్టు, కొన్నవాడి కంటికి జానెడు దూరంలో ఉంటుంది. అది గట్టిదో కాదో చూసి తెలుసుకునేది కాదు, అమ్మినవాడి మాట మీద కొనేది. చెక్క దగ్గర అబద్ధమాడిన నోటితో బోల్టు గట్టిదని చెబితే ఆ మాట ఏపాటి చేస్తుంది? బ్రష్షు కడిగేసి, ఉత్త అవిసె నూనె పట్టించాడు.

తీరా చూస్తే నూనె పట్టాక మరక తేనె రంగుకు తిరిగింది. తెలియనివాడు పాతదనమే అనుకుంటాడు.

అనుకున్నాడు కూడా. మర్నాడు షూటింగ్ రేంజిలో రాజారావు రైఫిలును ఒళ్లో పెట్టుకుని నిమిరాడు. "రంగు భలే తేలిందండీ. ఈ ముద్ర దగ్గర మరీనూ. వయసు వల్లేనా?"

పాండురంగం ముద్ర మీద బొటనవేలు ఆనించాడు.

"వయసు గాదు డాక్టర్ గారూ, పసుపు. మా ఆవిడ ఆయుధ పూజ చేసింది."

రాజారావు కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు. నవ్వలేదు. "ఎండలో పెడితే పోతుందిగా?"

"పోతది. ఎండ మాత్రం మీరే తెచ్చుకోవాలె."

"కార్డిఫ్‌లోనా! సరే, మరి బోల్టు?"

"బోల్టు తల మార్చిన, అందుకే దాని నంబరు తుపాకీ నంబరుతోని కలవదు. గేజ్ పెట్టి కొలిచి చూసిన. గట్టిగుంది."

తుపాకీ గట్టిదని కొనేవాడికి నమ్మకం కలగడానికి, తను అమ్మే దేనికైనా మొదటి గుండు తనే కాల్చి చూపడం పాండురంగం అలవాటు. కాల్చడానికి పరిచిన చాప మీద అతను బోర్లా పడుకోబోతుంటే రాజారావు భుజం తట్టాడు.

"మీరు లేవండి. నేను కాలుస్తాను."

రాజారావే పడుకుని, చెంప చెక్కకు ఆనించి కాల్చాడు. పాతకాలపు తుపాకీమందు పొగ చాపంతా కమ్మేసింది. అది విడిపోయేసరికి లక్ష్యం ఎడమ మూల కింద ఒక బెజ్జం.

"పసుపుకి ఎంత తగ్గిస్తారు?" అన్నాడు రాజారావు, తల తిప్పకుండానే చెయ్యి చాచి.

"పూజకు ఎంత గలుపుతరో ముందు చెప్పుండ్రి," అంటూ పాండురంగం రెండో తూటా ఆ చేతిలో పెట్టాడు.