ఇరవై ఎనిమిది అంగుళాల తల

ఆ వీధిలో అతన్ని అందరూ మైకు అనే పిలిచేవారు. పాడైన మైకులూ సౌండు బాక్సులూ బాగుచేసే కొట్టుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని అతను అనుకునేవాడు. వీధివాళ్ళ అభిప్రాయం వేరు. ఎదుటివాడు నోరు తెరవడమే ఆలస్యం, ఆ మాట అందుకుని తానే పూర్తిచేసి, అక్కడితో ఆగకుండా దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెట్టే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

వీధికి అది కాలక్షేపం. అతని భార్యకి మాత్రం కాదు. ఆవిడ ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని కోట్లూ ప్యాంట్లూ కుట్టే టైలరమ్మ. పెళ్ళయిన నాటి నుంచీ మొగుడితో ఒక్క వాక్యమైనా చివరిదాకా చెప్పే భాగ్యానికి నోచుకోలేదు. "కరెంటు..." అని ఆవిడ అనగానే "బిల్లు కట్టేశా" అనేవాడు. ఆవిడ చెప్పబోయింది ఇస్త్రీపెట్టె కరెంటు షాక్ కొడుతోందని. అది అతనికే కొట్టినప్పుడు "ముందే చెప్పొచ్చుగా" అని కేకలేశాడు కూడా.

ఓపిక పట్టీ పట్టీ ఆవిడ ఒకరోజు తేల్చి చెప్పేసింది. వేరే ఊళ్ళో ఆవిడ అక్కకి పెద్ద టైలరింగు షాపుంది. కత్తిరింపు చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలని ఆ అక్క ఎప్పటినుంచో పోరుతోంది.

"చూడండి, నేను చెప్పేది చివరిదాకా వినే అలవాటు మీకొస్తే సరేసరి. లేదంటే అక్క దగ్గరికెళ్ళి అక్కడే ఉండిపోతాను. అన్ని మిషన్ల చప్పుడులో అయినా నా మాట..."

"మీ అక్క మిషన్లకి నూనె వేసి ఎన్నాళ్ళయిందో! ఆ చప్పుడు..." అని మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. ఆవిడ లేని ఇల్లు అతని ఊహకి అందలేదు. ఆవిడంటే అతనికి ప్రాణం. ఆ మాట మాత్రం, ఇన్ని మాటల్లో, ఎన్నడూ అన్న పాపాన పోలేదు.

వేరే మనిషయితే నోరు కట్టేసుకునేవాడు. ఇతను మెకానిక్కు. తప్పు ఎక్కడున్నా అది వైరింగులోనే ఉంటుందని అతని నమ్మకం. తన మెదడులో ఏకాగ్రతకి సంబంధించిన కనెక్షను ఎక్కడో లూజయిందని తేల్చుకుని, ఇంట్లోనే కూర్చుని మెదడుకి శిక్షణ ఇచ్చుకునే పరికరం ఒకటి తెప్పించాడు. తల మీద ఒకచోట వైరు అంటించి, చెవులకి క్లిప్పులు పెట్టుకుంటే, మెదడు తరంగాలు కంప్యూటరు తెరమీద కనిపిస్తాయి. మనకి కావలసిన తరంగం పెరిగినప్పుడల్లా గంట మోగుతుంది. ఆ గంట కోసం ఆశపడి మెదడు తనంతట తానే దారికొస్తుందట.

వైరు ఎక్కడ అంటించాలి, గంట ఏ ఫ్రీక్వెన్సీకి మోగాలి, ఈ రెండూ జాగ్రత్తగా చూసుకోమని దాంతో వచ్చిన చిన్న పుస్తకం మరీ మరీ చెప్పింది. మైకులాంటి వాళ్ళకి సరిపోయే చోటు నడినెత్తికి కుడిపక్కన ఉంటుంది. ఒక చెవి నుంచి రెండో చెవికి నెత్తి మీదుగా కొలిచి, ఆ కొలతలో అయిదో వంతు నడినెత్తి నుంచి కిందికి దిగాలి. కొలత అనగానే అతను టైలరమ్మని పిలిచాడు.

ఆవిడకి ఈ వ్యవహారం మీద నమ్మకం లేదు గానీ, కొలత అంటే చేతులు ఊరుకోవు. టేపు తీసి ఈ చెవి ముందున్న గుంట నుంచి ఆ చెవి ముందున్న గుంట దాకా లాగి పట్టింది. సరిగ్గా మధ్యలో సుద్దముక్కతో గుర్తు పెట్టింది. అదే సుద్దతో బల్ల మీద 14 అని రాసింది.

"పద్నాలుగు. ఇదేం బట్ట కాదు కాబట్టి నేనెప్పట్లా స..."

"తెలుసు, తెలుసు. సగమే రాస్తావు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, ఆ మాత్రం తెలీదా నాకు?"

బట్టని మడతేసి కత్తిరిస్తారు కాబట్టి చుట్టుకొలతలో సగమే రాసుకోవడం ఆవిడ అలవాటు. తలని మడతెయ్యలేం కాబట్టి ఈసారి మొత్తం రాశానని చెప్పబోయింది. చెప్పనిస్తేగా! టేపు మెళ్ళో వేసుకుని విసవిసా మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

మైకు పద్నాలుగుని రెట్టింపు చేశాడు. ఈ చెవి నుంచి ఆ చెవికి ఇరవై ఎనిమిది అంగుళాల తల గుర్రానికైనా ఉంటుందో ఉండదో గానీ, అతనికి వీసమెత్తు అనుమానం రాలేదు. తన తల అందరి తలల్లాంటిది కాదని చిన్నప్పటి నుంచీ గట్టి నమ్మకం. అందులో అయిదో వంతంటే అయిదున్నర పైచిలుకు. అంత దూరం దిగేసరికి వైరు చెవికి కాస్త పైన, కణత పక్కన తేలింది. చెవికి ఇంత దగ్గరా అని ఒక్క క్షణం అనిపించింది. ఇదంతా వినడం కోసమేగా, చెవి దగ్గరే ఉండాలి మరి అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అక్కడి జుట్టు కత్తిరించి, జిగురు పూసి, వైరు అంటించాడు.

ఫ్రీక్వెన్సీ దగ్గర అతనికి ఎవరి సాయమూ అక్కర్లేదు. పుస్తకమేమో పన్నెండు నుంచి పదిహేను హెర్ట్జుల మధ్య గంట పెట్టమంది. ఇరవై దాటినవి కండరాల అలజడి కావచ్చు, వాటిని అణిచిపెట్టమంది. మైకుకి నవ్వొచ్చింది. పన్నెండా! అతని కొట్లో ఎంత పెద్ద బాక్సూ అంత కిందికి పలకదు. మాట స్పష్టంగా వినపడాలంటే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచాలని ఈ పుస్తకం రాసినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. పాపం, చదువుకున్నవాడు. అణిచిపెట్టే మీట ఆపేసి, గంటని ఇరవై రెండు నుంచి ముప్పై మధ్య పెట్టాడు.

మొదట్లో గంట మోగలేదు. కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు, ఊపిరి బిగబట్టాడు. దానికి చలనం లేదు. ఒళ్ళు మండిపోయి "ఛ!" అని పళ్ళు పటపటా కొరికాడు. గంట ఖంగున మోగింది. మళ్ళీ కొరికాడు. మళ్ళీ మోగింది. అయితే పళ్ళు కొరకడం వల్ల మోగిందని అతను అనుకోలేదు. కోపంలో మనసంతా ఒకచోటికి చేరింది, అందుకే మోగిందనుకున్నాడు. కాసేపటికి కోపంతో కూడా పనిలేకపోయింది. దవడ బిగించి, కణత దగ్గర వేడెక్కినట్టు అనిపించేదాకా ఉంటే చాలు, గంటే గంట.

"ఏకాగ్రత అంటే ఇదన్నమాట!" అని మురిసిపోయాడు.

ఇక పూటపూటా అదే సాధన. కొట్లో కూడా, వైరు లేకుండానే, ఆ కణత వేడిని తెచ్చుకుని కూర్చునేవాడు. బాక్సు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళకి అంతకుముందు ఉచితంగా దొరికే ఉపన్యాసం పోయి, "ఊ" ఒక్కటే మిగిలింది. వీధంతా ముక్కున వేలేసుకుంది.

ఇంట్లో టైలరమ్మ మొదట నమ్మలేదు. పరీక్షగా ఒక చిన్న మాట మొదలుపెట్టింది: పొద్దున ఒకాయన కోటు పట్టుకొచ్చాడనీ, గుండీ పట్టడం లేదంటే కోటు కురచైందని వాదించాడనీ, తీరా చూస్తే పొట్ట పెరిగిందనీ. చివరిదాకా వచ్చేసింది. ఎవరూ అడ్డం రాలేదు. అంత పొడుగు మాట చెప్పే అలవాటు లేక ఆవిడకి ఆయాసం వచ్చింది. ఎదురుగా మొగుడు దవడలు బిగించి, కళ్ళు పెద్దవి చేసి, తననే చూస్తున్నాడు. ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ సంబరంలో ఆ కోటాయన కథ ఇంకోసారి చెప్పింది. అప్పుడూ విన్నాడు.

కొన్నాళ్ళు గడిచేసరికి ఆ సంబరం చల్లబడింది. ఎన్ని చెప్పినా అదే చూపు, అదే "ఊ". మిషను సూది వేలికి గుచ్చుకుందంటే "ఊ". బాగా నొప్పిగా ఉందంటే "ఊ". గోడకి చెప్పినా ఇంతే కదా అనిపించింది ఆవిడకి.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ నెమ్మదిగా మొదలుపెట్టింది. "అక్క ఫోన్ చేసింది. మనిషి దొరక్క నానా అవస్థా పడుతోందట. వచ్చెయ్యమంటోంది. మీరు వింటే ఉంటానన్నాను, వింటున్నారు, కాదనను. కానీ ఆలోచిస్తే, నేనిక్కడ లేకపోయినా మీకు పెద్ద తేడా ఏముంటుంది అనిపిస్తోంది..."

అక్కడ ఆగింది. గరిటె గిన్నెలో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని అతని వంక చూసింది.

మైకు చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. నాలుక చివరిదాకా వందమాటలు వచ్చాయి. కానీ అసలు పరీక్ష ఇదే కదా! ఇప్పుడు నోరు తెరిచాడో, ఇన్నాళ్ళ సాధనా బూడిదలో పోసినట్టే, ఆవిడ వెళ్ళిపోతుంది. ఉన్న బలమంతా కూడదీసుకుని పళ్ళు బిగించాడు. కణత మండిపోయింది. అంత గట్టిగా అతను ఎన్నడూ బిగించలేదు. నోట్లో వెనకాల ఏదో టిక్కుమంది.

"అంతేనా?" అందావిడ. "ఏమీ అనరా?"

తల అడ్డంగా ఊపాడు.

"సరే. చివరిదాకా విన్నారు," అంది ఆవిడ, కంచాలు తీస్తూ. అతను దాన్ని మెప్పు అనుకున్నాడు.

టిక్కుమన్నది దవడపన్ను. మర్నాటికి బుగ్గ బూరెలా పొంగింది. ఆ మర్నాడు పళ్ళ డాక్టరమ్మ మత్తు సూది వేసి, విరిగిన ముక్క తీసి, మిగతా పళ్ళన్నీ అద్దంతో చూసి, "ఏం నములుతున్నారండీ మీరు, బోల్టులా?" అంది.

"ఏకాగ్రత సాధన చేస్తున్నానండీ," అన్నాడు మైకు, తిమ్మిరెక్కిన నోటితో గర్వంగా, జుట్టు కత్తిరించిన చోటు చూపిస్తూ. "ఇక్కడే, మెదడు మీద."

"అక్కడ వేలు పెట్టి, రెండో పక్క పళ్ళు కొంచెం బిగించండి."

బిగించాడు. వేలికింద ఏదో గట్టిగా ఉబ్బింది. వదిలాడు, అణిగింది. మళ్ళీ బిగించాడు, మళ్ళీ ఉబ్బింది. దాంతోపాటు చెవుల్లో లేని గంట ఖంగుమంది.

"అది నమిలే కండరం," అంది డాక్టరమ్మ. "మెదడు దాని లోపల, ఎముక వెనకాల ఉంది. దాని జోలికి మీరింకా పోలేదు."

మైకు కుర్చీలోంచి లేచాడు. మెదడులో కనెక్షను ఎక్కడున్నదక్కడే ఉంది. ఇన్నాళ్ళూ అతను విన్నది లేదు, బిగించడమే. వింటే, ఆవిడ భోజనాల దగ్గర ఎందుకు ఆగిందో తెలిసేది! నోటికి అడ్డం పెట్టుకున్న దూదితోనే ఇంటికి పరుగెత్తాడు.

ముందుగదిలో టైలరమ్మ మిషను తలని స్టాండు నుంచి విప్పి, పాత దుప్పటిలో చుడుతోంది. పక్కన పెట్టె సర్ది ఉంది. అతను గుమ్మంలో నిలబడి, చొంగ తుడుచుకుంటూ, పద్నాలుగూ ఇరవై ఎనిమిదీ కండరమూ అన్నీ కలగాపులగంగా చెప్పేశాడు.

"పద్నాలుగే మొత్తమని చెప్తూనే ఉన్నాను," అంది ఆవిడ, చుట్టడం ఆపకుండా. "సరే, ఇప్పుడదంతా ఎందుకు. కుట్టాల్సినవన్నీ కుట్టి ఇచ్చేశాను. ఎవరైనా వచ్చి అడిగితే అక్క ఫోన్ నంబరు ఇవ్వండి. గ్యాసు వాడికి..."

"వద్దు," అన్నాడు మైకు.

"గ్యాసు వాడికా?"

"కాదు. నువ్వు. వెళ్ళొద్దు."

"ఒక్కటైనా నన్ను పూర్తిగా చెప్పనిస్తారా?"

"చెప్పనివ్వను. మిగతావన్నీ చెప్పు, చచ్చినట్టు వింటాను. ఇది మాత్రం చెప్పనివ్వను. నువ్వు లేకపోతే తేడా ఏంటన్నావే, నేనెవరితో... నాకెవరున్నారే?" సగం తిమ్మిరెక్కిన మొహంలో ఒక కన్ను మాత్రమే సరిగ్గా ఏడుస్తోంది.

ఆవిడ దుప్పటి వదిలేసి అక్కడే పెట్టె మీద కూలబడింది.

"ఈ మాట మొన్న అనడానికేం? భోజనాల దగ్గర ఆగాను కదా! మీరు అడ్డం వస్తారనే ఆగాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి మాటకీ అడ్డం వచ్చే మనిషి, దానికి మాత్రం రాలేదు."

"పరీక్ష అనుకున్నాను."

"పరీక్షే," అంది ఆవిడ. "తప్పారు."

మైకు ఆవిడ పక్కన నేలమీద చతికిలబడ్డాడు. బుగ్గలో నొప్పి అప్పుడప్పుడే మొదలవుతోంది. "అయితే ఆ మాట మళ్ళీ చెప్పు. మొన్న చెప్పినట్టే చెప్పు," అని బతిమాలాడు.

ఆవిడ ముక్కు చీదుకుని, గొంతు సవరించుకుంది. "అక్క ఫోన్ చేసింది. వచ్చెయ్య..."

"వద్దు!"

"ఇంకా సగం కూడా కాలేదండీ."

"కానక్కర్లేదు. వెళ్ళొద్దు."

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. చెంగుతో కళ్ళు ఒత్తుకుని, అతని వాచిన బుగ్గని చేత్తో ఆనించి పట్టుకుని, "ఇంకొక్కసారి చెప్తాను, అడ్డం రండి," అని మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టింది.