పదకొండు ఊళ్ళకి దానమైన కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. ఒక్కదాన్నే. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఉదయతార యువజన సువార్త బృందం వాళ్ళ ప్రార్థన లేఖలు వరసగా చదివితే మేం పదకొండు కుర్చీలం అనిపిస్తుంది.

పుట్టింది గుంటూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో. గొట్టాలు వంచినవాడు, రెక్సిన్ కుట్టినవాడు, చక్రాలు బిగించినవాడు, ముగ్గురూ టీ తాగుతూనే నన్ను తయారు చేశారు. అందుకే నా ఎడమ ముందు చక్రం పుట్టినప్పటినుంచీ దిక్కులు చూస్తుంది. యువజన కూటంలో కానుకలు పోగుచేసి నన్ను కొన్నారు. వీపు మీద పసుపు రంగుతో 'ప్రేమతో' అని రాయించారు. ఆ రంగు ఆరకముందే జీపెక్కించారు.

బృందానికి నాయకుడు బ్రదర్ జయకర్. చెడ్డవాడు కాదు. పాడితే మేకలు మేత మానేసి వినేవి. ప్రార్థన మొదలుపెడితే మాత్రం ఆ మేకలు ఈని, ఆ పిల్లలు పెద్దవై, అవి కూడా ఈనేవిగానీ ఆమెన్ వచ్చేది కాదు. నెలనెలా ప్రార్థన లేఖ రాసేది సిస్టర్ హెప్సిబా. ఆమె దగ్గర మంచి ఫోన్ ఉండేది. నెలకో శుభవార్త ఉండేది కాదు.

మొదటి ఊళ్ళో నన్నొక తాతకి ఇచ్చారు. మొదటి ఫోటోలో తాత కళ్ళు మూసుకున్నాడు. రెండో దాంట్లో జయకర్ మూసుకున్నాడు. మూడో దాంట్లో అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయిగానీ 'ప్రేమతో' కనబడలేదు. ఇంతలో నా చక్రం వదులుగా ఉందని ఎవరో చూశారు. "బోల్టులు బిగించి సోమవారం తెచ్చిస్తాం తాతా" అని నన్ను మళ్ళీ జీపెక్కించారు. నిజంగానే బిగిద్దామనుకున్నారు, నేనే సాక్షిని. కానీ సోమవారం ఇంకో ఊళ్ళో కూటం. అక్కడొక అవ్వ. ఫోటో చాలా బాగా వచ్చింది. ఇక అప్పటినుంచి ఏ ఊళ్ళో ఇచ్చినా నా బోల్టులు వదులే, ఏ ఊరికి చెప్పినా సోమవారమే.

పదకొండో ఊరు రాళ్ళకుదురు. అక్కడ దీవెనమ్మ ఉంది. ఆ ఊరి ఫ్లోరైడు నీళ్ళు తాగి ముప్పై ఏళ్ళకే కాళ్ళు వంకరపోయిన మనిషి. తండ్రి బతికున్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఆమెను వీపున మోసుకుని మందిరానికి తీసుకెళ్ళేవాడట. ఆయన పోయి నాలుగేళ్ళు. అప్పటినుంచి ఇంట్లోనే కూచుని, మందిరంలోంచి వినబడే పాటకి గొంతు కలుపుతోంది.

ఫోటో అయ్యాక ఆమె అంది: "నాకేం ఊళ్ళు తిరగాలని లేదు బ్రదరూ. మందిరం దాకా పోయి, నా చోట నేను కూచుని ఒక్క పాట పాడొస్తే చాలు."

"తప్పకుండా అమ్మా. బోల్టులు బిగించి సోమవారం..."

"ఏ సోమారం?"

పది ఊళ్ళలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. జయకర్ గడియారం చూసుకున్నాడు.

"వదులుగానే పోతాలే" అందామె.

"నాలుగింటికి పట్నంలో కూటం ఉందమ్మా. దిగు."

"దిగమాకే దీవెనా!" అని గుంపులోంచి ఒక ముసలమ్మ అరిచింది. దీవెనమ్మ నా చేతి కమ్మీలు గట్టిగా పట్టుకుంది.

ఇబ్బంది వస్తే జయకర్‌కి తెలిసిన దారి ఒక్కటే. "అందరం కళ్ళు మూసుకుందాం" అన్నాడు. ఊరు మూసుకుంది. బృందమూ మూసుకుంది. దీవెనమ్మ తల్లి కరుణమ్మ మూసుకోలేదు. ఆయన ఆదాము దగ్గర మొదలుపెట్టి మోషే దాకా వచ్చేలోపు నన్ను సందు దాటించేసింది. ఆమెన్ అని ఆయన కళ్ళు తెరిచేసరికి మందిరంలోంచి పాట వినబడుతోంది.

బృందం పరుగెత్తుకొచ్చింది. గుమ్మం దగ్గర నేను ఖాళీగా ఉన్నాను. లోపల దీవెనమ్మ చాప మీద, తన చోట కూచుని, కళ్ళు మూసుకుని పాడుతోంది. రెండో చరణంలో ఉంది. హెప్సిబా ఒక ఫోటో తీసింది. మిగతావాళ్ళు నన్నెత్తి జీపులో వేశారు. జీపు చప్పుడుకి పాట ఆగిపోయింది.

ఆ నెల లేఖలో ఆ ఫోటో కింద ఇలా ఉంది: "కుర్చీలో వచ్చిన సోదరి దీవెనమ్మ కుర్చీని విడిచిపెట్టారు. ఆమెకిక దాని అవసరం లేదు. దేవునికి స్తోత్రం." మొదటి వాక్యంలో అబద్ధం లేదు. హెప్సిబా చేయి తిరిగిన రచయిత్రి.

లేఖ చదివిన పట్నం పెద్దలు, నడిచే దీవెనమ్మను కళ్ళారా చూడాలన్నారు. జయకర్ నాలుగు నెలలపాటు వానలని, వరదలని చెప్పి ఆపాడు. ఆ ప్రాంతంలో నలభై ఏళ్ళ వానలన్నీ ఆ నాలుగు నెలల్లోనే పడ్డాయి. ఆ వానల పేరుతోనే ఊళ్ళలో కూటాలూ ఆగాయి, నన్నూ ఎవరికీ ఇవ్వలేదు. చివరికి వాళ్ళే వ్యాను మాట్లాడుకున్నారు. వ్యాను ముందు మా జీపు. దారిలో పన్నెండో ఊరు ఉందని నన్నూ వేసుకున్నారు.

దీవెనమ్మ అరచేతులకి చెప్పులు తొడుక్కుని, పాక్కుంటూ గుమ్మంలోకొచ్చింది. నడిచే దీవెనమ్మ ఏదీ అని అడిగిన పెద్దలను ఒక్కొక్కరినీ చూసింది.

"కూచోండయ్యా. నడిచే దీవెనమ్మ ఇంకా రాలా. వస్తే నేను గూడా చూడాల."

హెప్సిబా ఫోన్ తీయలేదు. పెద్దలు జయకర్ వైపు చూశారు. జయకర్ గొంతు సవరించుకుని, "అందరం కళ్ళు మూసుకుందాం" అన్నాడు.

పెద్దలు మూసుకున్నారు. బృందం మూసుకుంది. ఈసారి ఊళ్ళో ఒక్కరూ మూసుకోలేదు. నలుగురు వెళ్ళి నన్ను జీపులోంచి దింపారు. ఆయన ఇంకా నోవహు దగ్గరే ఉన్నాడు, తొందరేం లేదు. నేల తగలగానే నా ఎడమ ముందు చక్రం ఊడి దొర్లి, రాయికి కొట్టుకుని పగిలిపోయింది. నిజంగా బిగించాల్సిన బోల్టు అదొక్కటే.

అలాంటి చక్రం ఆ చుట్టుపక్కల దొరకదట. ఇప్పుడు నేను దీవెనమ్మ ఇంటి ముందు, ఒక పక్క రాయి ఆనించుకుని ఉన్నాను. ఆదివారం ఆమె నా మీద కూచుని, మందిరం వైపు తిరిగి పాడుతుంది. మందిరం ఇక్కడికి నూటయాభై అడుగులు. దారిన పోయేవాళ్ళు ఆగి, "కుర్చీ ఎప్పుడు బాగవుద్దే దీవెనా?" అని అడుగుతారు.

ఆమె పాట ఆపి చెబుతుంది.

"సోమారం."