గడువు దాటిన రంగు

ఫొటోగ్రాఫరు నిరాపద కుండు ఫిల్ము రీలు కొసను కెమెరాలోకి దూర్చి, మూత వేసి, చెవి దగ్గర పెట్టుకుని మీట తిప్పాడు. పళ్లచక్రం ఫిల్మును పట్టుకున్న చప్పుడు వినిపించాక గాని మెట్లెక్కలేదు. డబ్బా మీది గడువు ఎప్పుడో దాటిపోయిన స్లైడు ఫిల్ము అది. తెచ్చుకున్న మూటలో ఇదే చివరిది.

రోజూ కోర్టు పక్క స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసే మనిషి. సెలవునాడు మాత్రం, దుకాణాలవాళ్లు పారేయబోయే పాత స్లైడు ఫిల్ముతో బాగ్‌బజార్ సందులో జనాన్ని తీస్తాడు. వేడికి మగ్గిన ఆ ఫిల్ములో తెలుపన్నది మిగలదు. గోడ, పిల్లి, పెళ్లికొడుకు ధోవతి, అన్నీ గులాబిరంగే. సందులో అతని పేరు గులాబీబాబు. అతను నొచ్చుకోడు. రంగు తప్పినా మనుషులు తప్పలేదు కదా అంటాడు.

చలికాలపు ఎండలో, డాబా మీద పక్కింటి పంకజినీ వదిన వడియాలు పెడుతోంది. మినప్పిండీ బూడిదగుమ్మడి కోరూ గిలక్కొట్టీ కొట్టీ ఆమె కుడిచెయ్యి ఎడమదానికన్నా లావెక్కింది. ఆమె వడియం రుచి ఎరగని ఇల్లు ఆ సందులో లేదు. బెంగాలీ ఇళ్ల ఆనవాయితీగా తొలి రెండు వడియాలూ పెద్దవి, వాటిని ముసలాడూ ముసలమ్మా అంటారు. వాటికి సిందూరం పెట్టడానికి కోడలు మాలతి వచ్చింది. ఇరవయ్యో ఏట తెల్లచీర కట్టింది మొదలు పంకజిని ఆ బొట్టు తన చేత్తో పెట్టలేదు.

"వచ్చావా మరిదీ! కుళ్లిన ఫిల్మే తెచ్చావా? మంచిది తెచ్చావంటే కిందికి తోసేస్తా."

"కుళ్లింది కాదు వదినా, మాగింది."

"ఆ మాటకొస్తే నేనూ మాగినదాన్నే. నా గడువు ఎప్పుడు దాటిందో!"

మాలతి నవ్వింది. "రంగుచీర కావాలంటే కట్టుకోండి అత్తయ్యా. ఈ రోజుల్లో ఎవరేమంటారు?"

"కట్టాలనిపించినప్పుడు కట్టనివ్వలేదు. ఇప్పుడు దయతలిచి కట్టుకోమంటే కడతానా? నేను తెల్లదే కడతా. రంగు మరిదే వెయ్యాలి."

నిరాపద తలెత్తి ఎండ ఎంత ఉందో చూశాడు. అందరూ వెక్కిరించిన లోపాన్ని ఒకరు కోరి అడగడం ఇదే మొదలు. మాగిన ఫిల్మును నమ్మలేం. ఒక్కోసారి ఆకుపచ్చకు తిరుగుతుంది, ఒక్కోసారి అసలేమీ పడదు. ఎండ బాగా ముదిరేదాకా ఆగి, మామూలుకన్నా ఎక్కువ వెలుతురు పట్టించాడు. ఆమె పిండిచేతులు ఒళ్లో పెట్టుకుని, రాణిలా గడ్డం ఎత్తింది. నొక్కాడు.

కడిగించి తెచ్చిన స్లైడును పంకజిని ఎండకెత్తి చూసింది. చిన్న అట్టచట్రంలో గులాబిచీర కట్టిన ముసలమ్మ. చాలాసేపు చూసింది.

"నాకు నప్పింది మరిదీ," అంది. తాళాలు కట్టుకునే చెంగు ముడిలోనే దాన్నీ కట్టేసుకుంది. నిరాపద ఆ వారమంతా స్టూడియోలో ఈల వేస్తూనే ఉన్నాడు.

చలి ఇంకా తగ్గకముందే, ఒక మధ్యాహ్నం కునుకులో పంకజిని వెళ్లిపోయింది. మాలతి అత్తయ్య చెంగు ముడి విప్పితే తాళాలతో పాటు స్లైడు బయటపడింది. చూడవచ్చిన పెద్దావిడ ఒకరు దాన్ని వెలుతురుకు పెట్టి ముఖం చిట్లించింది.

"ఇదేమిటి, ఈవిడకు రంగుచీరా?"

"చీర తెల్లదే పెద్దమ్మా," అన్నాడు నిరాపద. కళ్లు తుడుచుకోలేదు, తల దించలేదు. "రంగు నాది."

మాలతి స్లైడును ఆవిడ చేతిలోంచి తీసుకుంది. వంటింటి కిటికీలో వడియాల సీసా ఉంది. సీసా గాజు వెనక ముసలాడూ ముసలమ్మా, వాళ్ల నెత్తిన తను పెట్టిన సిందూరం. స్లైడును ఆ సీసాకు ఆనించి నిలబెట్టింది. ఎండ తగిలి, చట్రంలోని చీర ఆ బొట్టు రంగుకే తిరిగింది.