అరువు దమ్ము

టైర్ల ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉంటూనే జుట్టు నెరిసిన మనిషికి, కంప్యూటర్ ఆట ముందు కూర్చోవడమంటే నామోషీ. అయినా ఆ ఆదివారం పొద్దున్నే బావమరిది ఇంటికి వచ్చి, కంప్యూటర్ పక్కకు కుర్చీ లాక్కున్నాడు. వచ్చే మ్యాచ్ ఓడిపోతే కోచ్‌ని మార్చేస్తామని ఫ్యాక్టరీ సెక్రటరీ మొహం మీదే చెప్పేశాడు మరి.

"నువ్వు రోజూ ఆడుతుంటావే, అందులో నా జట్టుని పెట్టు. నా పద్ధతిలో ఆడించు," అన్నాడు.

"ఏ పద్ధతి బావా?" తెలిసే అడిగాడు బావమరిది.

"నాకెన్ని పద్ధతులున్నాయిరా? మనిషికి మనిషి. వాళ్ళవాడు బూటు లేసు కట్టుకోడానికి వంగితే మనవాడూ వంగాలి."

"మనవాడి లేసు ఊడకపోయినా?"

"ఊడదీసుకుని మరీ వంగాలి."

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపట్టే బావమరిదికి ఈ ఆటే కాలక్షేపం. అందులో మనం పరిగెత్తం. జట్టును తయారుచేసి, ఎవరు ఎలా ఆడాలో చెప్పి, మ్యాచ్ నడుస్తుంటే చూస్తూ కూర్చుంటాం. ఒక్కో ఆటగాడికి వేగం ఎంత, దమ్ము ఎంత అన్నది మాత్రం ముందే అంకెల్లో పెట్టుకోవాలి. కోచ్ ఎవరికీ ఎక్కువ వేయనివ్వలేదు. ఎడమ వైపు కాపు కాసే బక్కోడి దగ్గరికి వచ్చేసరికి కాసేపు ఆలోచించాడు.

"వీడు పొద్దంతా లారీల్లోకి టైర్లెక్కించి వస్తాడు. దమ్ము సగమే వెయ్యి," అన్నాడు. "చూడు, ఇందులో ఓడితే నా పంతం వదిలేస్తా. సెక్రటరీ అన్నట్టే, ఎవడి చోటు వాడు కాసుకునేలా ఆడిస్తా. మాటంటే మాటే."

మొదటి సగం బాగానే నడిచింది. తెర మీద కోచ్ మనుషులు అవతలివాళ్ళకు జిగురులా అంటుకుపోయారు. రెండో సగంలో ఒక్కొక్కరే వెనకబడ్డారు. బక్కోడు కాయాల్సిన మనిషి వాణ్ణి వదిలించుకుని గోల్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి ఆడించినా అదే వరస.

కోచ్ ఖాళీ కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళాడు. కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతున్న చప్పుడు వినిపించింది. అక్క పోయాక ఆయనకు ఇంట్లో మాట్లాడేందుకు గోడలు తప్ప ఎవరూ లేరు. సాయంత్రం ఆ కుర్రాళ్ళను తిట్టడం కోసమే పొద్దున లేస్తున్నాడని బావమరిదికి తెలుసు. మౌస్ అందుకుని అందరి దమ్మూ పైదాకా పెంచేశాడు.

"ఇంకొక్కసారి చూద్దాం, రా బావా," అని పిలిచాడు.

ఈసారి గెలిచారు. కోచ్ కుర్చీలోంచి లేచి అతని వీపు మీద ఒక్కటి చరిచాడు.

"చూశావా. కుదురుకోడానికి టైం పట్టిందంతే."

అక్క ఉన్నప్పటి నవ్వు అది. చాన్నాళ్ళకు దాన్ని చూసి, బావమరిది తాను మంచిపనే చేశాననుకున్నాడు.

కోచ్ ఆ ధైర్యంతోనే అసలు మ్యాచ్ కూడా తన పద్ధతిలో ఆడించాడు. బావమరిది మైదానం మెట్ల మీద కూర్చుని చూశాడు. విరామం తరువాత కుర్రాళ్ళ కాళ్ళు లాగేశాయి. బక్కోడు తన మనిషి వెనక పరిగెత్తి పరిగెత్తి, గీత పక్కన మోకాళ్ళ మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. ఆ మనిషి తాపీగా వెళ్ళి గోల్ కొట్టాడు.

ఆట అయ్యాక కోచ్ బక్కోణ్ణి అందరి ముందూ నిలబెట్టాడు.

"పద్ధతిలో ఏ లోపమూ లేదు. పరీక్షించి మరీ దింపాను. నీకే ఒళ్ళు వంగలేదు," అన్నాడు. వాణ్ణి జట్టులోంచి తీసేయమని సెక్రటరీకి చెప్పాడు. సెక్రటరీ ముందు వాణ్ణి తీసేశాడు, ఆ తరువాత కోచ్‌ని. జట్టులో ఉన్నవాళ్ళను ప్రాక్టీసు కోసం పనిలోంచి తొందరగా వదిలేవారు. బక్కోడికి ఆ వెసులుబాటూ పోయింది.

తరువాతి ఆదివారం కోచ్ మళ్ళీ వచ్చాడు. బావమరిది కంప్యూటర్ తెరవలేదు.

"బావా, ఆ రోజు నువ్వు కప్పులు కడుగుతుంటే నేను అందరి దమ్మూ పెంచేశాను. అందుకే గెలిచాం. నువ్వు ముందు వేయించిన అంకెలే నిజం. ఆ కుర్రాడి తప్పేం లేదు. సెక్రటరీకి నువ్వో మాట చెప్పు."

కోచ్ ఆప్యాయంగా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ అక్కా ఇంతేరా. ఎవడు తిట్లు తింటున్నా తన నెత్తిన వేసుకునేది. వాడి కోసం ఇంత అబద్ధం ఆడతావా?"

"అబద్ధం కాదు బావా. ఇదిగో, తగ్గించి చూపిస్తా."

"తగ్గిస్తే ఓడిపోరూ? దమ్ము లేకపోతే ఎవడైనా ఓడతాడు. నేను మొత్తుకుంటున్నదీ అదేగా."

బావమరిది కంప్యూటర్ తెరిచాడు కానీ, అంకెల జోలికి పోలేదు.

"ఆ రోజు గెలిచిన ఆటే పెట్టు," అన్నాడు కోచ్, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. బావమరిది పెట్టాడు.

తెర మీద బక్కోడు అలుపూ సొలుపూ లేకుండా పరిగెడుతున్నాడు.

"అదీ, అలా," అంటున్నాడు కోచ్, మనిషి ఎదురుగా ఉన్నట్టే. "ఆ రోజూ ఇలాగే పరిగెత్తి ఉంటే నిన్నెవడు తీసేవాడురా."